బంతిని అందించిన గురువు: సయ్యద్ అబ్దుల్ రహీం

పాస్ అనే మాట తెలుగువారి నాలుకపై స్థిరపడి చాలా కాలమైంది. మన విద్యార్థుల నోట ఆ మాట వినవచ్చినప్పుడు అది ఇంచుమించుగా ఎప్పుడూ పరీక్షలకు సంబంధించినదే అయి ఉంటుంది. పాస్ కావడం ఒక వ్యక్తి తనకోసం తాను సాధించుకొనే ఫలితం. క్రీడామైదానంలో ఆ మాటకు మరొక అర్థం ఉన్నది. తన చేతిలోనో కాలి చెంతనో ఉన్న బంతిని, తనకంటె అనువైన స్థానంలో ఉన్న సహచరునికి, తగిన సమయాన, తగిన వేగంతో, తగిన రీతిలో అందజేయడాన్ని అక్కడ పాస్ అంటారు. పరీక్షలో పాస్ అవుతాము. మైదానంలో పాస్ ఇస్తాము. ఈ రెండవ అర్థానికి తన జీవితాన్నే వ్యాఖ్యానంగా రచించిన ఒక ఉపాధ్యాయుని చరిత్రను మన విద్యార్థుల ముందుంచాలన్నది మా సంకల్పం. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు నగర ప్రజలు, దేశమంతటి ఫుట్‌బాల్ క్రీడాకారులు ఆయనను రహీం సాహెబ్ అని గౌరవంతో పిలుచుకొన్నారు.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. 1918లో స్థాపితమై, ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను నేర్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన చదువుకొన్నారు; ఆ విశ్వవిద్యాలయం పక్షాన ఫుట్‌బాల్ ఆడి పేరు తెచ్చుకొన్నారు. పట్టభద్రులైన పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ఆయన బోధించిన విద్యాలయాలు. అనంతరం వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పాఠశాలల్లో క్రీడా శిక్షణ బాధ్యతను కూడా వహించారు. తరువాతి కాలంలో లోకం ఆయనను జాతీయ జట్టు శిక్షకునిగా గుర్తించినప్పటికీ, నల్లబల్ల ముందు నిలబడి పిల్లల ముఖాలు చూస్తూ పాఠం చెప్పే అలవాటు ఆయన శిక్షణలో ఎల్లప్పుడూ కానవచ్చింది. ఏ పిల్లవానికి ఏ మాట ఏ విధంగా చెబితే తలకెక్కుతుందో గ్రహించగలగడం ఉపాధ్యాయుని విద్య. ఆ విద్యనే ఆయన మైదానంలోకి తీసుకొనివెళ్లారు.

1940ల ప్రారంభంనుండి ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. కలకత్తా జట్లదే రాజ్యంగా భావింపబడుతున్న ఫుట్‌బాల్ రంగంలో దక్కను నగరపు పోలీసు జవానులు ఈ విధంగా ఐదు పర్యాయాలు వరుసగా నెగ్గడం సామాన్య విషయం కాదు. ఆ కాలంలోనే భారత జట్టు శిక్షణ బాధ్యత కూడా రహీం సాహెబ్ భుజస్కంధాలపై పడింది. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. అంతిమ పోటీలో భారతదేశం ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం సాధించింది. ఆ ఏకైక గోలు సాహూ మేవాలాల్ చేసినది.

అయితే విజయం కంటె పరాజయమే మనిషికి ఎక్కువ నేర్పుతుందనే మాట రహీం సాహెబ్ విషయంలో అక్షరాలా నిజమైంది. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 10–1 తేడాతో చిత్తుగా ఓడిపోయింది. మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండా, వట్టి పాదాలతో ఆడిన ఆట అది. ఆ శీతల దేశపు పచ్చికపై వారి కాళ్లు నిలవలేదు. ఆ తరువాత భారత ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. బూట్లు తొడిగించినంత మాత్రాన పని పూర్తి కాలేదు. మన ఆటగాడు బంతి దొరికినంతనే ముగ్గురు నలుగురిని తప్పించుకొంటూ ఒంటరిగా పోవడాన్ని, ప్రేక్షకుల ఈలలను, చప్పట్లను ఘనతగా భావించేవాడు. ఐరోపా జట్లవారు ఆ సమయంలో బంతిని నాలుగు కాళ్ల మీదుగా మైదానపు ఆవలి కొసకు చేర్చివేసేవారు. ఎంత వడిగా పరుగెత్తేవాడైనా, మరొకరు తన్నిన బంతికంటె ముందు పోలేడు. రహీం సాహెబ్ శిక్షణకు ఈ చిన్న సత్యమే పునాది.

ఆ పునాదిపై ఆయన కట్టిన కట్టడం విలక్షణమైనది. హైదరాబాదులో బాలుర కోసం ఆయన వింత పోటీలు నిర్వహించేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. అనగా బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ఒక్కడే తీసుకొనిపోరాదు. బంతి తనవద్దకు వచ్చీ రాగానే, వీలైనంతవరకు ఒక్క స్పర్శతోనే, మరొకరికి అందించాలి. ఇంకొక పోటీలో వాటమైన కాలితో ఆడరాదు; కుడివాటపు వాడు ఎడమ కాలితోనే, ఎడమవాటపు వాడు కుడి కాలితోనే బంతిని తన్నాలి. చూచేవారికి వినోదంగా తోచే ఈ నియమాల వెనుక లోతైన ఆలోచన ఉన్నది. ఒక్క కాలితో మాత్రమే ఆడగలవాడు ఒక్క వైపునకే పాస్ ఇవ్వగలడు. ఎదిరి ఆ వైపు మూసివేస్తే వానికి దారి లేదు. రెండు కాళ్లూ వశమైనవానికి మైదానమంతా తెరచిన పుస్తకమే. బంతిని తనవద్ద నిలుపుకొనే అవకాశం లేనివాడు, బంతి రాకముందే తల పైకెత్తి ఎవరెక్కడ ఉన్నారో చూచుకొని తీరాలి. ఆ విధంగా రహీం సాహెబ్ పిల్లల కాళ్లకు శిక్షణ ఇస్తూ, వారి కళ్లకు కూడా శిక్షణ ఇచ్చారు.

ఇక్కడ మరొక ఆటను ప్రస్తావించడం అప్రస్తుతం కాబోదు. మన కళాశాలల ప్రాంగణాల్లో సాయంకాలపు వేళ విద్యార్థులు ఇష్టపడి ఆడే బాస్కెట్‌బాల్‌ను 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు రూపొందించాడు. పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని బాల్కనీ కమ్మీలకు తగిలించి, పద్దెనిమిది మంది విద్యార్థులచే ఆయన ఆ ఆట ఆడించాడు. ఆయన వ్రాసిన పదమూడు నియమాల్లో ముఖ్యమైనది ఒకటి: బంతి పట్టినవాడు దానితో పరుగెత్తరాదు, పట్టిన చోటినుండే మరొకరికి విసరాలి. బంతిని నేలకు కొడుతూ ముందుకు పోయే డ్రిబ్లింగ్ ఆ ఆటలోకి తరువాత వచ్చి చేరినది. అనగా బాస్కెట్‌బాల్ పుట్టుకతోనే పాస్‌ల ఆట. నైస్మిత్ ఒక ఆటకు ప్రాణంగా పెట్టిన నియమం, అర్ధ శతాబ్ది గడచిన పిమ్మట, మరొక ఆటలో, హైదరాబాదు బాలుర పోటీలకు నియమమైంది. ఇద్దరూ ఉపాధ్యాయులే కావడం గమనార్హం.

బాస్కెట్‌బాల్‌లో పాస్‌లు పలు విధాలు. మధ్య ఎవరూ అడ్డు లేనప్పుడు, రెండు చేతులతో రొమ్ము ఎత్తునుండి సూటిగా సహచరుని రొమ్మునకు చేరేలా విసరడం ఛాతీ పాస్; అన్నింటికంటె వేగమైనది, నిలకడైనది ఇదే. ఎదిరి చేతులు పైకెత్తి అడ్డు నిలిచినప్పుడు, బంతిని వాని చేతుల క్రిందుగా నేలకు కొట్టి అందించడం బౌన్స్ పాస్. తనకూ సహచరునికీ నడుమ ఉన్న దూరంలో సుమారు మూడింట రెండు వంతుల వద్ద బంతి నేలను తాకితే, అది సహచరుని నడుము ఎత్తుకు చక్కగా లేచివస్తుంది. ఎదిరి మీద మీదికి వచ్చి, చేతులు క్రిందికి చాచి ఉన్నప్పుడు తలమీదుగా ఇచ్చే పాస్ పనికివస్తుంది. సహచరుడు అందరినీ దాటి బుట్ట వైపు పరుగెడుతున్నప్పుడు ఒంటి చేతితో దూరపు పాస్ విసరాలి. అదైనా అతడు ఉన్న చోటికి కాదు, చేరబోయే చోటికి. ఫుట్‌బాల్‌లోనూ ఇంతే. నేలబారు చిన్న పాస్, తలల మీదుగా పోయే పెద్ద పాస్, రక్షకుల మధ్య సందులోనుండి ముందుకు నెట్టే పాస్, దారి లేనప్పుడు వెనుకకు ఇచ్చే పాస్ అని వానికీ భేదాలున్నాయి.

వీటిలో ఏది ఉత్తమమైనదని అడిగితే జవాబు లేదు. అందుకొనేవాడు ఎక్కడున్నాడు, వాని ముందు అడ్డు ఏమున్నది, వాడు నిలిచి ఉన్నాడా, పరుగులో ఉన్నాడా, ఏ చేతితో లేక ఏ కాలితో బాగా అందుకోగలడు అనే ప్రశ్నలే పాస్ రకాన్ని నిర్ణయిస్తాయి. ఇచ్చేవాని నైపుణ్యం ఆ తరువాతి మాట. గుంటూరు మిరప యార్డులో లారీకి టిక్కీలు ఎత్తే హమాలీలను గమనించినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కర లేదు. క్రిందివాడు ఎంత బలవంతుడైనా, పైవాని కాలు నిలదొక్కుకొన్న సంగతి చూడకుండా బస్తాను వదలడు. చూడక వదిలితే బస్తా పోవడమే కాదు, మనిషి నడుము కూడా పోతుంది.

రహీం సాహెబ్ ఈ సూత్రాన్ని బంతి విషయంలోనే కాక మనుషుల విషయంలోనూ పాటించారు. సికిందరాబాదు ప్రాంతంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే పేద యువకుని ఆట ఆయన కంటబడింది. ఆ యువకునికి హైదరాబాదులో శిక్షణకు రావాలని కోరిక ఉన్నది. రోజూ అంత దూరం వచ్చిపోవడానికి దారిఖర్చు లేదు. రహీం సాహెబ్ అతనికి క్రమశిక్షణను గురించిన ఉపన్యాసం ఇవ్వలేదు. అద్దె సైకిలుకు డబ్బు ఇచ్చారు. ఆ యువకునికీ మైదానానికీ నడుమ నిలిచిన అడ్డు ఏదో కనిపెట్టి, ఆ అడ్డు క్రిందుగా బంతిని అందించడం వంటిది ఈ పని. ఆ బలరామే 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో దేశం తరఫున ఆడాడు. రోమ్‌లో హంగరీపైన, పెరూపైన గోళ్లు చేశాడు. చిరకాలం జీవించి 2023లో కన్నుమూసిన బలరాం, ఆ సైకిలు అద్దెను కడవరకు మరువలేదు.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించింది. గుంటూరు సీమ, హైదరాబాదు నగరం ఒకే రాష్ట్రంలో చేరాయి. సరిగా నెల గడచిన పిమ్మట, డిసెంబరు 1వ తేదీన, మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో రహీం సాహెబ్ శిక్షణలోని భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోళ్లు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీ ఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే అయింది. సెమీ ఫైనల్‌లో ఎదురైనది మరల ఆ యుగోస్లావియాయే. మొదటి గోలు మనవారే చేసినా, చివరకు 4–1తో ఓటమి తప్పలేదు. మూడవ స్థానపు పోటీలో బల్గేరియా నెగ్గగా, భారత జట్టు నాలుగవ స్థానంతో తిరిగివచ్చింది. నాలుగేండ్ల క్రిందట పది గోళ్లు మూటగట్టుకొని వచ్చిన జట్టు, అదే ప్రత్యర్థిపై ముందంజ వేయగలిగే స్థితికి చేరడం ఒక ఉపాధ్యాయుని నాలుగేండ్ల పాఠానికి ఫలితం.

రహీం సాహెబ్ జీవితంలో అత్యున్నత ఘట్టం 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు. అప్పటికే కేన్సరు వ్యాధి ఆయనను లోలోపల తినివేస్తున్నది. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 తేడాతో ఓటమి ఎదురైంది. పిమ్మట థాయ్‌లాండ్‌పైన, జపాన్‌పైన మనవారు నెగ్గారు. ఇంతలో మైదానం వెలుపల మరొక చిక్కు వచ్చిపడింది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండొనీషియా ప్రవేశం నిరాకరించగా, భారతీయ క్రీడాధికారి జి.డి. సోంధీ ఆక్షేపించారు. దానితో జకార్తా జనం మన దేశంపై ఆగ్రహించింది. మన ఆటగాళ్లు అడుగు పెట్టిన చోటల్లా హేళనలే ఎదురయ్యాయి.

అట్టి వాతావరణంలో, గాయాలపాలైన జట్టుతో, రహీం సాహెబ్ ఒక సాహసోపేతమైన నిర్ణయం తీసుకొన్నారు. వెనుక వరుసలో రక్షకునిగా ఆడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతనిని విశ్రాంతికి పంపక, ఆ గాయంతో వెనుక వరుసలోనూ నిలపక, ముందు వరుసకు పంపి గోలు చేసే బాధ్యత అప్పగించారు. సెమీ ఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3–2 తేడాతో నెగ్గినప్పుడు జర్నైల్ సింగ్ ఒక గోలు చేశాడు. సెప్టెంబరు 4వ తేదీన, సుమారు లక్ష మంది ప్రతికూల ప్రేక్షకుల ఎదుట జరిగిన అంతిమ పోటీలో మొదటి గోలు పి.కె. బెనర్జీది, రెండవది జర్నైల్ సింగ్‌ది. మునుపు తమను ఓడించిన దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి భారత జట్టు స్వర్ణ పతకం గెలుచుకొన్నది. చునీ గోస్వామి నాయకత్వంలో బెంగాలీ, పంజాబీ, హైదరాబాదీ, తమిళ యువకులు, హిందువులు, ముస్లిములు, సిక్కులు, క్రైస్తవులు ఒకే బంతిని ఒకరికొకరు అందించుకొంటూ పోయిన ఆట అది. పాస్ ఇచ్చేవాడు అందుకొనేవాని స్థానాన్ని చూచాడే కాని, వాని ఊరూ పేరూ విచారించలేదు.

ఆ తరువాత తొమ్మిది నెలలు మాత్రమే రహీం సాహెబ్ జీవించారు. 1963 జూన్ 11వ తేదీన హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభైమూడు సంవత్సరాలు. ఆయన పోయిన తరువాత భారత ఫుట్‌బాల్ మరల ఆసియా స్వర్ణం చూడలేదు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్ పోటీలకు అర్హత పొందనూ లేదు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారం 1985లో ఏర్పడింది. అప్పటికి ఆయన మరణించి ఇరువదిరెండేండ్లు. 2024లో విడుదలైన మైదాన్ అనే హిందీ చలనచిత్రం మూలంగా ఆయన పేరు నేటి తరం చెవిన పడింది. అయినా ఆయన శిష్యుల్లో పి.కె. బెనర్జీ తానూ శిక్షకుడై, 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన జట్టును తీర్చిదిద్దినవారిలో ఒకడు కావడం మరువరాదు. గురువు అందించిన బంతి కొంతకాలమైనా నేలపాలు కాలేదన్నమాట.

విద్యార్థులారా! ఒక ఫుట్‌బాల్ శిక్షకుని చరిత్రను ఇంత విస్తరించి చెప్పడంలో మా ఉద్దేశం ఆటల ప్రశంస మాత్రమే కాదు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల సంగతి మీకు తెలియనిది కాదు. పత్తి తీతలు, మిరప కోతలు ముమ్మరమయ్యే నెలల్లో తరగతి గదుల్లో కొన్ని బల్లలు ఖాళీ అవుతాయి. ఆ బల్లల్లో కూర్చోవలసినవారు కూలికో, కల్లాల కాపలాకో, యార్డు పనికో పోయి ఉంటారు. వారిలో కొందరు తిరిగివస్తారు, కొందరు రారు. రానివారిలో తెలివి తక్కువైనవారు అరుదు. వారు బుట్టకు దగ్గరగానే ఉన్నారు. బంతి అందలేదు, అంతే.

వారికి బంతి అందించవలసినవారు మొదట వారి పక్క బల్లమీది స్నేహితులే. ఇక్కడనే పాస్ రకాన్ని ఎంచుకోవలసిన అవసరం వస్తుంది. ఒకనికి మీ నోట్సు చేతిలో పెడితే చాలు. అది ఛాతీ పాస్ వంటిది. ఇంకొకడు చేయి చాచి అడగడానికి అభిమానపడతాడు. వానికి నలుగురి ఎదుట ఇస్తే అందుకోలేడు, చదువుకొందాం రమ్మని ఇంటికి పిలిచి, మాటల మధ్య ఇవ్వాలి. ఉర్దూ మాధ్యమంలో చదివివచ్చిన చెల్లెలికి తెలుగు పాఠ్యపుస్తకాన్ని ఎదుట పెట్టినంత మాత్రాన అందించినట్లు కాదు. ఒకసారి ఆమె భాషలో చెప్పి, ఆపైన పుస్తకం తెరవాలి. తండ్రి ఒప్పుకోనందున కళాశాల మానిన అమ్మాయి విషయంలో పాస్ నేరుగా పోదు; ఆ తండ్రి మాట వినే పెద్దవారి మీదుగా, అధ్యాపకుల మీదుగా పోవాలి. పొలం పనుల వల్ల వెనుకబడినవానికి, అతడు నిన్న ఆగిన పాఠం కాక, రేపు పరీక్షకు చేరుకోవలసిన పాఠం అందించాలి. వేతనం, పురస్కారం, చప్పట్లు ఈ పనికి ఉండవు. గోలు చేసినవాని పేరు పత్రికల్లో పడుతుంది. బంతి ఇచ్చినవాని పేరు జట్టువారికి మాత్రమే తెలుస్తుంది.

కళాశాల పాలకవర్గ పెద్దలకు కూడా మా విన్నపం ఒకటున్నది. ఉపకార వేతనాలు, పుస్తక నిధి, బస్సు పాసులు అన్నీ ఉపయోగకరమైనవే. ఆ సహాయాలు అందరికీ ఒకే రీతిగా విసరివేయబడక, ఎవని ముందు ఏ అడ్డు ఉన్నదో చూచి అందింపబడితే, ఖాళీ బల్లలు కొన్నైనా నిండుతాయి. ఇందుకు పెద్ద మొత్తాలు కావాలనే నియమం లేదు. ఒక అద్దె సైకిలు ఖర్చు ఒక యువకుని రోమ్ నగరం వరకు తీసుకొనిపోయిన చరిత్ర మన కళ్ల ముందున్నది.

రహీం సాహెబ్ ధనవంతులు కారు, అధికారి కారు, బడిపంతులు. తనవద్దకు వచ్చిన బంతిని తనవద్ద నిలుపుకోకుండా, తల ఎత్తి చూచి, తగినవానికి తగిన రీతిలో అందిస్తూ జీవితమంతా గడిపారు. ఈ ఏడు పరీక్షల్లో మీరంతా పాస్ కావాలని మా ఆకాంక్ష. ఫలితాలు వెలువడిన నాడు, మీరు ఎవరికి పాస్ ఇచ్చారో కూడా లెక్క చూచుకోవాలని మా కోరిక.